పారెయ్యమన్న స్లైడ్లు

నలభై ఎనిమిది అనే అంకె వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ నంబరున్న సిటీబస్సు వస్తే, ఖాళీగా ఉన్నా సరే, ఎక్కకుండా వదిలేసిన రోజులున్నాయి. నవ్వుకోండి, నాకేం. ఎనిమిదేళ్ళు ఆ అంకెతో కాపురం చేసినదాన్ని, ఆ మాత్రం కోపం నాకు హక్కే.

నేను విజయవాడలో ఒక డిగ్రీ కాలేజీలో బోటనీ చెబుతాను. ఇల్లు గుణదలలో. నలభై దాటాక, మా అమ్మాయి ఇంటర్లో చేరాక, తీరిగ్గా పీహెచ్‌డీకి రిజిస్టరయ్యాను. ఈ వయసులో పరిశోధనేంటని నవ్విన చుట్టాలు, అది కామంచి మొక్క మీదని తెలిశాక ఇంకా గట్టిగా నవ్వారు. కామంచి తెలుసు కదా. కాలవ గట్ల మీద, పొలాల అంచున, ఇటుకల గుట్టల పక్కన ఎవరూ వెయ్యకుండానే మొలిచే మొక్క. తెల్లటి చిన్న పూలు, గుత్తులుగా నల్లటి చిట్టి కాయలు. నోరు పూసిందంటే మా ఇంట్లో ఆ ఆకు పప్పులో వేసి పెట్టేవారు. మా పెద్దమ్మ అయితే, "దాన్ని పీకి పారెయ్యడానికి కూలీలు దొరక్క మేం చస్తుంటే, నువ్వు దాన్ని చదువుతానంటావేంటే?" అంది.

ఆవిడకి చెప్పినట్టే మీకూ చెబుతాను. మన వైపు కామంచి అని ఒకే పేరుతో పిలిచేవి నిజానికి మూడు మొక్కలు. ఒకటి బక్కది, దాని కాయ నల్లగా నిగనిగలాడుతుంది. రెండోదాని కాయ పండితే ఎర్రబడుతుంది. మూడోది మోటుది. ఆకు పెద్దది, కాయ నలుపే గానీ నిగారింపు ఉండదు, గట్ల మీద పెత్తనమంతా దానిదే. మొక్క ఏదైనా సరే, వేరు కొసకి రంగు పట్టించి మైక్రోస్కోపు కింద పెడితే, విడిపోబోతున్న కణంలో చిన్న చిన్న పుల్లల్లాగా క్రోమోజోములు కనిపిస్తాయి. తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ వచ్చిన ఆస్తంతా వాటిల్లోనే ఉంటుంది. కామంచి వర్గంలో అవి పన్నెండేసి కట్టలుగా ఉంటాయి. బక్కదానికి రెండు కట్టలు, అంటే ఇరవై నాలుగు. ఎర్రదానికి నాలుగు కట్టలు, నలభై ఎనిమిది. ఇక మోటుదానికి ఎన్నో తేలితే, అది ఎవరి పిల్లో తేలుతుంది. మొక్కలకి బర్త్ సర్టిఫికెట్లు ఉండవు కాబట్టి ఆ లెక్కే మాకు ఆధారం.

మా గైడ్ గారు, అంటే మా మాస్టారు, ముప్పై ఐదేళ్ళ కిందట మోటు కామంచిని లెక్కపెట్టి నలభై ఎనిమిది అన్నారు. బక్కదాని కట్టలే ఎప్పుడో రెట్టింపయి మోటుది పుట్టిందనీ, ఇందులో పరాయి మొక్క కలవలేదనీ ఆయన సిద్ధాంతం. ఆ పేపరుతోనే ఆయనకి పేరొచ్చింది. నేను లెక్కపెడితే డెబ్బై రెండు వచ్చింది. ఆరు కట్టలు. అంటే ఇందులో బక్కదీ ఉంది, ఎర్రదీ ఉంది. ఇరవై నాలుగూ నలభై ఎనిమిదీ కలిపితే ఎంతో మూడో తరగతి పిల్లలు కూడా చెబుతారు. మా ఇంట్లో వాళ్ళకి నేను చెప్పుకున్నది ఇలా: మాస్టారి లెక్కలో అసలు పెళ్ళే జరగలేదు, నా లెక్కలో జరిగింది కులాంతరం. గొడవ కాక ఏమవుతుంది?

ఆ గొడవ చిన్నది కాదు. ఆయన సంతకం పెడితేనే నా థీసిస్ యూనివర్సిటీకి వెళ్తుంది. ఆయన రిటైరయ్యే ముందు తీసుకున్న చివరి స్టూడెంటుని నేను. సంతకం పెట్టాలంటే ముప్పై ఐదేళ్ళుగా అందరూ నమ్మిన తన మాట తప్పని ఒప్పుకోవాలి. ఆయన ఒప్పుకోకపోతే నా ఎనిమిదేళ్ళూ కృష్ణలో కలిపినట్టే.

లెక్క అని తేలిగ్గా అనేశాను గానీ అది అంత తేలిక కాదు. కణం గుండ్రంగా ఉంటుంది, లోపల పుల్లలన్నీ ముద్దగా ఉంటాయి. వాటిని పగలగొట్టకుండా పల్చగా పరవాలి. స్లైడు మీద వేరు కొస, దాని మీద ఒక చుక్క రంగు, పైన పల్చటి గాజు రేకు, ఆ పైన మడత పెట్టిన బ్లాటింగ్ పేపరు, దాని మీద బొటనవేలు. వేలు నిట్టనిలువుగా దిగాలి. వెంట్రుకవాసి పక్కకి జరిగితే కణాలన్నీ చాప చుట్టినట్టు చుట్టుకుపోతాయి. బలం ఎక్కువైతే కణం పగిలి పుల్లలు కొట్టుకుపోతాయి. తక్కువైతే ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. ఎంత ఏడ్చినా నా వేలికి ఆ విద్య రాలేదు.

మా కాలేజీలో అది వచ్చిన మనిషి ఒక్కరే, మా ల్యాబ్ అటెండర్. ప్రిన్సిపాల్ దగ్గర్నుంచి ఫస్టియర్ పిల్లల దాకా ఆయన్ని అందరూ భాయ్ అనే పిలుస్తారు. వాళ్ళది వన్‌టౌన్లో పుస్తకాలు బైండింగ్ చేసే కుటుంబం. జిగురు రాసిన కాగితాన్ని ముడత పడకుండా వేలితో నొక్కడం చిన్నప్పుడే వాళ్ళ నాన్నగారి దగ్గర నేర్చుకున్నారట. మా మాస్టారు ఇదే కాలేజీలో కొత్తగా లెక్చరరైన రోజుల్లో భాయ్ రోజుకూలీగా ల్యాబ్‌లో చేరారు. ఆ వేలి గొప్పతనాన్ని మాస్టారే కనిపెట్టారు. మాస్టారి పేపర్లో ఫొటోలకెక్కిన స్లైడ్లన్నీ భాయ్ నొక్కినవే. ఇప్పుడు నావీ ఆయనే నొక్కేవారు.

అయితే మా ల్యాబుల్లో ఒక పద్ధతుంది. ఎవరూ కాగితం మీద రాయలేదు గానీ అందరికీ తెలుసు. అటెండర్ స్లైడు నొక్కాలి. సరిగ్గా పరుచుకుందో లేదో నిలబడే ఒకసారి వంగి చూడాలి. తర్వాత పక్కకి తప్పుకోవాలి. స్టూలు మీద కూర్చుని లెక్కపెట్టేది చదువుకున్నవాళ్ళు.

మొదటి ఏడు చలికాలంలో విత్తనాల కోసం కూచిపూడి వైపు వెళ్ళాను. ఆ ఊరికి జనం నాట్యం కోసం వెళ్తారు. నేను బస్సు దిగి తిన్నగా కాలవ గట్టు మీద మొలలోతు గడ్డిలోకి దిగితే, ఒకాయన సైకిలాపి, "ఏం పోయిందమ్మా?" అని తనూ వెతకడం మొదలుపెట్టాడు. ఏం పోలేదండీ, కామంచి కాయల కోసం వచ్చానంటే, నా ముఖంలోకి జాలిగా చూసి, "డాక్టరుకి చూపించారా?" అన్నాడు. చూపించానని చెప్పి పంపించాను.

ఆ విత్తనాలు తడి కాగితం మీద మొలకెత్తించి, పొద్దున తొమ్మిదిన్నరకి, కణాలు చురుగ్గా విడిపోయే వేళకి, వేరు కొసలు కోశాం. రంగు పట్టించాక భాయ్ నొక్కారు. నేను కూర్చుని లెక్కపెట్టాను. అరవై దాటింది. డెబ్బై దాటింది. నా గుండె ఝల్లుమంది, సంతోషంతో కాదు, భయంతో. మాస్టారు నలభై ఎనిమిది అన్నచోట నాకు డెబ్బై వస్తే తప్పు నాదే కదా. రెండు కణాలు ఒకదాని మీద ఒకటి పడితే పుల్లలు ఎక్కువ కనిపిస్తాయి. దాన్ని మేం ఓవర్‌లాప్ అంటాం.

"ఓవర్‌లాప్ అయింది భాయ్. ఇంకోటి నొక్కండి" అన్నాను.

భాయ్ కదల్లేదు. "ఒకటే కణం మేడమ్" అన్నారు.

"డెబ్బై ఉన్నాయండీ బాబూ ఇక్కడ!"

"ఉంటే ఉండనీయండి. ఫోకస్ నాబ్ కొంచెం అటూ ఇటూ తిప్పండి. రెండు కణాలైతే ఒకటి మసకైనప్పుడు ఇంకోటి తేటపడుద్ది. ఇవన్నీ ఒక్కసారే పోతున్నాయి, ఒక్కసారే వస్తున్నాయి."

ఆ పొద్దునే మాస్టారు రిపోర్టు ఆలస్యమైందని ఫోన్లో నాకు చీవాట్లు పెట్టారు. అత్త మీద కోపం దుత్త మీద చూపించాను. "మీకు తెలీదు భాయ్. లెక్కల సంగతి మాకొదిలేసి మీ పని మీరు చూసుకోండి" అన్నాను. ఆయన తలూపి ఇంకో కొస తీసుకున్నారు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఆ తర్వాత రెండేళ్ళు నేను చేసిన నిర్వాకం చెప్పుకోడానికి సిగ్గేస్తుంది. నలభై ఎనిమిది దాటితే ఓవర్‌లాప్ అని పక్కన పెట్టాను. తగ్గితే కణం పగిలిందిలే అని నలభై ఎనిమిదికి సర్దుకున్నాను. ఇలా చేస్తే ఏ మొక్కకైనా నలభై ఎనిమిదే వస్తుంది. కొబ్బరి చెట్టుకి కూడా వస్తుంది.

మూడో ఏడు పూమొగ్గలు చూశాను. మొగ్గలో పుప్పొడి తయారయ్యే కణాల్లో క్రోమోజోములు జతలు జతలుగా కూర్చుంటాయి కాబట్టి లెక్క సగమే, చూడ్డం తేలిక. ముప్పై ఆరు జతలు! ఎన్నిసార్లు చూసినా ముప్పై ఆరే. భాయ్ బంకతో అతికించి ఉంచిన పాత వేరు కొసల స్లైడ్లు మళ్ళీ తీసి చూస్తే, పగలని కణాలన్నింట్లో డెబ్బై రెండే. కళ్ళు తెరుచుకున్నాయి. చిన్నపిల్లలా గెంతేసి, "చూశారా భాయ్, డెబ్బై రెండు!" అని అరిచాను. "అవును మేడమ్" అన్నారు భాయ్. నా బుర్ర ఎంత మట్టిబుర్రంటే, ఆ మాట నాకన్నా ముందు ఎవరన్నారో ఆ క్షణాన గుర్తే రాలేదు.

మాస్టారికి చెప్పాను. ఆయన శాంతంగా విని, "నీ గట్టు మొక్క వేరే రకమై ఉంటుందమ్మా" అన్నారు. ఇంకో నాలుగు ఊళ్ళ గట్ల నుంచి తెచ్చి చూపించాను. "ఓవర్‌లాప్ అయి ఉంటుంది, చూసుకో" అన్నారు. పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. పోనీ, అసలు పుట్టుకే చేసి చూపిద్దామని మా డాబా మీద కుండీల్లో బక్కదానికీ ఎర్రదానికీ నేనే పెళ్ళి చేశాను. సూదితో బక్కదాని మొగ్గలు విప్పి, కేసరాలు తీసేసి, ఎర్రదాని పుప్పొడి అద్దాను. ఎన్నో పూలు రాలాక నాలుగు గింజలు దక్కాయి. వాటి నుంచి వచ్చిన మొక్కలకి మూడు కట్టలు, ముప్పై ఆరు. బక్కది ఇచ్చిన పన్నెండుకి సరైన జోడీ లేదు. జోడీ కుదరకపోతే మంచి పుప్పొడి రాదు, గింజ కట్టదు. నా మొక్కలు ఒళ్ళంతా పూసి, పూసిన ప్రతి పువ్వునీ రాల్చేసేవి. పొద్దున్నే డాబా ఊడుస్తుంటే నిజంగా ఏడుపొచ్చేది.

అప్పుడు కాల్చిసిన్ అనే మందు దూదిలో తడిపి చిగుళ్ళ మీద పెట్టాను. ఆ మందు కణాన్ని విడిపోనివ్వదు, కానీ లోపల క్రోమోజోములు మాత్రం అప్పటికే రెట్టింపై ఉంటాయి. రెట్టింపైతే ప్రతిదానికీ జోడీ దొరికినట్టే. చాలా చిగుళ్ళు మాడిపోయాయి. ఒక్క కొమ్మ బతికింది, కాయ పట్టింది. ఆ కాయల గింజలు వేస్తే వచ్చిన పిల్లలకి డెబ్బై రెండు. ఆకు చూస్తే అచ్చం గట్టు మీది మోటు కామంచే. కాయ కూడా నలుపే. గట్టు మీద ఎన్నడో తనంతట తను జరిగిన సంగతి నా డాబా మీద నా కళ్ళ ముందు జరిగింది. ఆ రోజు ఇంట్లో పాయసం చేశాను. ఎందుకో మా వాళ్ళకి అర్థం కాలేదు గానీ గిన్నె మాత్రం ఖాళీ చేశారు.

మాస్టారు ఆ కుండీని చాలాసేపు చూశారు. మెచ్చుకున్నారు కూడా. చివరికి, "కుండీలో నువ్వు చేయించింది గట్టు మీద జరిగిందని రుజువేంటమ్మా? గట్టు మొక్కని నేను కళ్ళారా లెక్కపెట్టాను. నలభై ఎనిమిది" అన్నారు.

ఆయన్ని తిట్టుకోలేక చచ్చేదాన్ని. మా నాన్న పోయినప్పుడు నెల రోజులు నా క్లాసులన్నీ, రిటైరైన మనిషి, రోజూ వచ్చి ఆయనే చెప్పారు. ఒక్క మాట దెప్పలేదు. అలాంటి మనిషి ముఖం మీద మీరు తప్పని ఎలా అంటాం? అనకపోతే ఎలా?

పోయినేడు యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చింది. ఇదే ఆఖరి గడువు, ఇక పొడిగించేది లేదన్నారు. ఆ సాయంత్రం ల్యాబ్‌లో కూర్చుని నేను ఓడిపోయాను. గెలిచిన మాట కాదు, ఓడిపోయిన మాటే చెబుతున్నా. గట్టు మొక్కకి నలభై ఎనిమిదని రాసేద్దాం, డెబ్బై రెండు వచ్చినవి ఓవర్‌లాప్ అందాం, కుండీ సంగతి వేరే అధ్యాయంలో పెడదాం, సంతకం పెట్టించుకుని బయటపడదాం అనుకున్నాను. ఆ స్లైడ్లు కళ్ళ ముందుంటే నా చెయ్యి అబద్ధం రాయదు. అందుకని ట్రే మొత్తం భాయ్ ముందుకి తోశాను.

"ఇవన్నీ కడిగెయ్యండి భాయ్" అన్నాను.

"అన్నీనా మేడమ్?"

"అన్నీ. గాజు పనికొస్తుంది."

భాయ్ ట్రే తీసుకుని సింకు దాకా వెళ్ళారు. నీళ్ళ చప్పుడు వస్తుందని చూస్తున్నాను. రాలేదు. ఆయన ట్రే సింకు పక్కన పెట్టి, మందుల గది తాళం తీసి లోపలికి వెళ్ళి, చేతిలో ఒక చెక్కపెట్టెతో వచ్చారు. పాతకాలపు స్లైడ్ల పెట్టె, మూత మీద దుమ్ము లేదు.

"ఇవి కడగాలంటే ఇవి కూడా కడగాలి మేడమ్" అని పెట్టె నా ముందు పెట్టారు. 

తెరిచి చూశాను. ప్రతి స్లైడుకీ ఒక మూల పసుపుబారిన కాగితం ముక్క అతికించి ఉంది. దాని మీద మాస్టారి గుండ్రటి చేతిరాత: ఊరి పేరు, మొక్క నంబరు, కింద 'ఓవర్‌లాప్, పారెయ్యండి'. అన్నింటి మీదా అదే మాట. మామూలుగా నొక్కిన స్లైడు కొద్ది రోజుల్లో ఎండిపోతుంది. ఉంచుకోవాలంటే తేమ తీసేసి బంకతో శాశ్వతంగా అతికించాలి. పారెయ్యమన్న స్లైడ్లని భాయ్ అలా అతికించి ముప్పై ఐదేళ్ళు దాచారు. ఎందుకు దాచారని అడిగాను. "ఇంత బాగా పరుచుకున్న కణం మళ్ళీ మళ్ళీ రాదు మేడమ్. పారెయ్యబుద్ధి కాలేదు" అన్నారు.

మొదటిది మైక్రోస్కోపు కింద పెట్టాను. ఒకటే కణం. డెబ్బై రెండు. రెండోదీ అంతే. నేను అక్కడే బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చేశాను.

ఆదివారం పొద్దున్న ఇద్దరం ఆటోలో గవర్నర్‌పేట వెళ్ళాం. మాస్టారు అక్కడ ఒక సందులో, హోల్‌సేల్ కొట్ల పైన మేడ మీద ఉంటారు. నన్ను చూసి నవ్వారు, వెనక భాయ్‌ని చూసి, "ఏమయ్యా, నువ్వూ వచ్చావా?" అన్నారు. భాయ్ గుమ్మం పక్కనే నిలబడ్డారు. మాస్టారి గదిలో ఆయన సొంత మైక్రోస్కోపు ఉంది. దాని గుడ్డ తీసి, నేనే స్లైడు పెట్టి, "చూడండి సార్" అన్నాను.

"నీదేనా?"

"ముందు చూడండి సార్."

ఆయన కూర్చుని చూశారు. పెదాలు కదులుతున్నాయి. లెక్కపెడుతున్నారు. ఒకసారి ఆగి, మళ్ళీ మొదట్నుంచి పెట్టారు. తర్వాత నాబ్ అటు తిప్పారు, ఇటు తిప్పారు, మళ్ళీ అటు. కింద సందులో ఎవరో షట్టరు ఎత్తారు, ఆ చప్పుడికి కూడా ఆయన తల ఎత్తలేదు.  చివరికి స్లైడు తీసి వెలుతురులో పెట్టి, ఆ కాగితం ముక్క చదివారు.

"నా చేతిరాతే" అన్నారు.

 ఆయన ఆలోచనలో పడ్డారు. కాసేపటికి గుమ్మం వైపు తిరిగి, "మొదటి ఏడు మనం కాయ పండకముందే మొక్క తెచ్చాం కదయ్యా?" అన్నారు.

"అవునండీ. పరీక్షల డ్యూటీ పడిందని తొందరగా వెళ్ళొచ్చాం. కాయలన్నీ పచ్చిగానే ఉన్నాయి."

"అయితే అది ఎర్రది" అన్నారు మాస్టారు నెమ్మదిగా. "కాయ పండితేగా రంగు తెలిసేది. నేను మోటుదనుకుని ఎర్ర కామంచిని లెక్కపెట్టాను. అక్కడ నలభై ఎనిమిది వచ్చింది. మరుసటి ఏడు అసలు మోటుది తెచ్చినా, నలభై ఎనిమిది దాటినవన్నీ పక్కన పెట్టించాను. నాబ్ తిప్పి చూడాలని కూడా తోచలేదు. ఎంత మూర్ఖత్వం!"

ఎవరి పిల్లో తేల్చాల్సిన మొక్కకి బదులు ఆయన దాన్ని కన్నవాళ్ళలో ఒకదాన్ని లెక్కపెట్టి కూర్చున్నారన్నమాట. పాపం, ఆయన అంకె అబద్ధం కాదు. అది వేరే మొక్కది, అంతే.

"అప్పుడు చెప్పానండీ, ఒకటే కణమని" అన్నారు భాయ్.

మాస్టారు కళ్ళజోడు తీశారు. "చెప్పావు. గుర్తుంది. నీకేం తెలుసయ్యా అన్నాను. ఇంకోసారి గట్టిగా చెప్పాల్సింది కదయ్యా!"

"అప్పుడు నేను రోజుకూలీని సార్. ఎదురు చెబితే రేపట్నుంచి రావద్దంటారేమో అని భయం. ఇంట్లో చిన్నపిల్లలు."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. అందుకే వినడం కష్టమైంది. మాస్టారి కళ్ళు తడయ్యాయి. ఆయన లేచి, తన కుర్చీ భాయ్ వైపు జరిపి, "ఇలా వచ్చి కూర్చో. నువ్వు లెక్కపెట్టు, మేం వింటాం" అన్నారు. భాయ్ వద్దు వద్దంటుంటే భుజాలు పట్టి కూర్చోబెట్టారు. భాయ్ మైక్రోస్కోపులో చూస్తూ, ఇంట్లో మాట్లాడుకునే ఉర్దూలో, నోట్లోనే లెక్కపెట్టుకుంటూ పోయారు. చివర్న తలెత్తి, "డెబ్బై రెండండీ" అన్నారు, తెలుగులో.

మాస్టారు నా కాగితాల మీద సంతకం పెట్టారు. తన పాత పేపరు తప్పని పత్రికకి తనే రాస్తానన్నారు. ఈ సంఖ్య మొదట చూసింది ఎవరో కూడా అందులో పేరుతో సహా రాస్తానన్నారు. అన్నట్టే నెలలోపు రాశారు.

తిరిగొచ్చేటప్పుడు పెట్టె ల్యాబ్‌లో పెట్టేద్దామని ఇద్దరం ఒకే ఆటో ఎక్కాం. నాకు నేల మీద కాలు ఆనట్లేదు. ఎనిమిదేళ్ళ బరువు దిగిపోయింది. మాస్టారి మీద కోపం కూడా జాలిగా మారిపోయింది. ఏళ్ళ తరబడి పక్కనే ఉన్న మనిషి మాట వినకపోవడమేంటి, అని ఆయన్ని మనసులో ఇంకా కాస్త దెప్పుకుంటూనే ఉన్నాను. అలా దెప్పుకుంటూ ఉండగా, నేనన్న మాటలే నా చెవిలో పడ్డాయి. మీకు తెలీదు భాయ్. లెక్కల సంగతి మాకొదిలేయండి. మీ పని మీరు చూసుకోండి.  భాయ్ చెప్పిన రోజే నాబ్ తిప్పి ఉంటే నాకు రెండేళ్ళు మిగిలేవి. ఆయన నోరు అన్నేళ్ళు మూతపడి ఉండేది కాదు.

"సార్ దగ్గర భయపడ్డారు, సరే, అప్పుడు మీరు రోజుకూలీ" అన్నాను. "నాకెందుకు రెండోసారి చెప్పలేదు భాయ్? ఇప్పుడు మీది పర్మనెంటు ఉద్యోగం. నేను మిమ్మల్ని ఏం చెయ్యగలను?"

ఆయన ఒళ్ళో పెట్టెని రెండు చేతులతో సర్ది పట్టుకున్నారు. తప్పు పట్టినట్టు కాదు, ఉన్న మాట చెప్పినట్టే చెప్పారు.

"మీరు సార్ స్టూడెంటు కదా మేడమ్."